అడవిని కొలిచే ఉద్యోగం

కడపలో మా చుట్టాలకు నా ఉద్యోగం గురించి చెప్పడం ఎప్పుడూ కష్టమే. ఇంటికొకరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కుటుంబం మాది. నేను ఇంగ్లండులో అడవుల మీద పరిశోధన చేస్తానంటే ఒక మామ, "ఏం పాపా, అంత చదువు చదివి ఫారెస్టు గార్డు పనా?" అన్నాడు. ఇంకో పెదనాయనైతే నేరుగా అక్కడ ఎర్రచందనం రేటు ఎంతుందని అడిగాడు. జీతం సంగతి ఎవరూ అడగకపోవడమే నయం. సాఫ్ట్‌వేర్ పిల్లల ముందు అది చెప్పుకునేంత ఉండదు.

బ్రిటన్‌లో అడవి మొత్తం నేలలో 13 శాతం దాకా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కలపకు కటకటలాడి, 1919లో ఫారెస్ట్రీ కమిషన్ పెట్టుకుని, పాత అడవుల్లో కూడా చాలాచోట్ల పైన్ లాంటి సూదాకు చెట్లు నాటేశారు. అందుకే మిగిలిన పాత అడవులంటే ఇప్పుడు ప్రాణం. ఇంగ్లండులో 1600 నుంచి ఎడతెగకుండా అడవిగానే ఉన్న చోటును ప్రాచీన అడవిగా లెక్కేస్తారు. మా కడప దగ్గరి లంకమల అడవి చూసినవాళ్లకు ఇవి నవ్వొచ్చేంత చిన్నవి. కొన్నిటిని ఈ చివరి నుంచి ఆ చివరికి పది నిమిషాల్లో నడిచేయొచ్చు.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పనంతా బయటే. పైన ఆకు కమ్ముకోకముందే నేల మీద బ్లూబెల్, ఎనిమోన్ పూస్తాయి కాబట్టి ముందు వాటి లెక్క. తరువాత చెట్లు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి, కిందటిసారి ఎక్కడ కొలిచారో సరిగ్గా అక్కడే కొలవాలి. వేలెడు పైకి జరిగినా చెట్టు చిక్కిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. సాయంత్రం ఒంటి మీద పిడుదులు వెతుక్కోవడం తప్పదు. ఇక్కడి పిడుదులు కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. చలికాలమంతా కంప్యూటర్ ముందు లెక్కలు, గ్రాంటు దరఖాస్తులు. అడవి మీద ప్రేమతో వచ్చినవాళ్లకు ఈ రెండో సగం గురించి ముందుగా ఎవరూ చెప్పరు.

ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథం అడవి ఈ రంగంలో ఉన్నవాళ్లకు తిరుమల లాంటిది. అక్కడ గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల గూళ్లను 1947 నుంచి ఏటా చూసి రాస్తున్నారు. వసంతం ముందుగా వేడెక్కుతోంది, ఓక్ చెట్ల మీద గొంగళిపురుగులు ముందే వస్తున్నాయి, వాటిని తిని బతికే పిట్టలు 1960లతో పోలిస్తే సుమారు రెండు వారాలు ముందే గుడ్లు పెడుతున్నాయి. ఈ సంగతి ఏ ఒక్కరి పరిశోధనా కాలంలోనూ తేలేది కాదు. 1974లో అక్కడే చిన్న చిన్న ప్లాట్లు గీసి మొక్కల లెక్క కూడా మొదలుపెట్టారు. జింకలు పెరిగినప్పుడు ముళ్లపొదలు తగ్గి గడ్డి పెరగడం, జింకల్ని తగ్గించాక పొదలు మళ్లీ లేవడం ఆ లెక్కల్లో కనిపించింది. తోడేలు, లింక్స్ అనే అడవిపిల్లి ఎప్పుడో అంతరించిన దేశంలో జింకను అదుపు చేసేది తుపాకీ పట్టిన మనిషే.

మళ్లీ అదే చోటు దొరకడానికి కొన్ని పాత అడవుల్లో ప్లాటు మూలల్లో ఇనుప ముక్కలు పాతి ఉంటాయి. వాటిని మెటల్ డిటెక్టర్‌తో వెతికి పట్టుకుంటాం. మా ఊళ్లో ఇనుము పాతితే వారం తిరక్కముందే పాతసామాన్ల కొట్టుకు చేరుతుందని ఇక్కడి స్నేహితులతో అంటే నవ్వుతారు కానీ నమ్మరు.

ఇప్పుడు అందరినీ ఆందోళన పెడుతున్నది యాష్ చెట్టు. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక బూజు దాన్ని కొనల నుంచి ఎండబెట్టేస్తోంది. ఐరోపాలో 1992లో పోలండులో గమనించారు, బ్రిటన్‌లో 2012లో బయటపడింది. రాలిన ఆకుల కాడల మీద బూజు పెరిగి, వేసవిలో దాని విత్తులు గాలికి లేస్తాయి. మందు లేదు. పక్క చెట్లన్నీ పోతున్నా ఎక్కడో ఒకటి పచ్చగా నిలబడుతుంది. అలాంటి చెట్టు కనిపిస్తే గుర్తుపెట్టి, ఏటా వెళ్లి కొమ్మల్లో ఎంత భాగం ఆకు మిగిలిందో రాస్తాం.

ఏటా అన్నాను కానీ, ఆ మనిషి ఏటా ఉండాలి కదా. పీహెచ్‌డీ అయ్యాక వచ్చేవన్నీ రెండేళ్ల, మూడేళ్ల కాంట్రాక్టులు. వీసా కూడా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. నేను చేసిన ఒక చోట ఐదేళ్లకోసారి కొలవాల్సిన ప్లాట్ల వంతు వచ్చేసరికి గ్రాంటు అయిపోయింది. కొలత వాయిదా పడింది, నేను ఊరు మారాను. కొత్త విషయానికి డబ్బులిస్తారు, పాత పుస్తకంలో ఇంకో వరస రాయడానికి ఇవ్వరు. వైథంలో పిట్టల లెక్క ఇన్నేళ్లు నడిచిందంటే ఎందరు మొండివాళ్లు దాన్ని పట్టుకుని వేలాడి ఉంటారో అనిపిస్తుంది.

మన దగ్గర కష్టం వేరు. జెర్డన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1848 ప్రాంతంలో కనుగొన్న కలివికోడి అనే పిట్ట 1900 తరువాత అంతరించిందనే అనుకున్నారు. 1986లో మన కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని ముందు గుర్తుపట్టింది అడవి తెలిసిన స్థానికులే. ఆ పిట్టకు మరీ చిక్కని అడవీ పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. పొదల మధ్య ఖాళీ ఉండాలి. మేకల మేత, కట్టెలు కొట్టడం ఎంతవరకు ఆ ఖాళీని నిలుపుతాయి, ఎక్కడ దాటితే పొదలే పోతాయి? వైథంలో జింకల గురించి అడిగినదీ ఇదే ప్రశ్న. జవాబులో సగం లంకమల కింద మేకలు తోలుకునే పెద్దమనుషుల దగ్గర ఉంది. ఏ వానకు ఏ గుట్ట మీద ఏం మొలుస్తుందో వాళ్లు చెప్పగలరు. రాసిపెట్టినవాళ్లు లేరు, వాళ్ల పిల్లలు బెంగళూరులో ఉన్నారు. ఇక టేపు పట్టుకుని ఎర్రచందనం మాను చుట్టుకొలత తీస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. అనుమతి కాగితం జేబులో లేకుండా ఆ పని ఊహించలేను.

దేశంలో ఇలాంటి పని జరగడం లేదని కాదు. తమిళనాడులోని ముదుమలై అడవిలో 50 హెక్టార్ల ప్లాటులో 1988 నుంచి ప్రతి చెట్టునూ లెక్కపెడుతున్నారు. అలాంటిది లంకమల లాంటి పొద అడవిలో, అందులో పదో వంతు నేలలోనైనా, ఎవరైనా మొదలుపెట్టాలని నా కోరిక. మొదటి పదేళ్లు పరిశోధన పేపర్లు రావు, అదొక్కటే ఇబ్బంది.

ఈమధ్య కడపలో బోటనీ ఎమ్మెస్సీ చదివే అమ్మాయి ఒకరు, "అక్కా, నేనూ ఈ లైన్లోకి రావచ్చా?" అని మెసేజ్ పెట్టింది. ఇక్కడ 2024 నుంచి కొత్త కట్టడాలు చాలావాటికి, జీవవైవిధ్యాన్ని కనీసం 10 శాతం పెంచి చూపాలనే నియమం వచ్చింది కాబట్టి కన్సల్టెన్సీల్లో సర్వే ఉద్యోగాలున్నాయని, పరిశోధన కంటే అవే కాస్త నిలకడ అని చెప్పాను. ముందు పాలకొండల్లో చెట్లను పువ్వు లేకుండా, బెరడు చూసి గుర్తుపట్టడం నేర్చుకోమన్నాను, ఆ కన్ను ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. ఆర్ (R) అనే కంప్యూటర్ భాషలో లెక్కలు నేర్చుకోమన్నాను. కారు డ్రైవింగ్ కూడా. అడవులకు బస్సులు పోవు, లైసెన్సు లేదంటే చాలామంది ఇంటర్వ్యూకే పిలవరు. ఆ ఒక్కదానికి మాత్రం, "మా నాయన ఒప్పుకోడక్కా" అని రాసింది.