మందారం ఆకు తిప్పి చూసిన రోజు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా మేడ మీద పదకొండు మందార కుండీలు ఉండేవి. వాటిలో మా అత్తగారు నాటిన ఎర్ర ముద్ద మందారం చిగుళ్లు గత వర్షాకాలం చివర్లో దొప్పల్లా పైకి ముడుచుకోసాగాయి. సముద్రపు గాలిలోని ఉప్పు వల్లనో, పోషకాల లోపం వల్లనో అలా జరుగుతోందని భావించి, నర్సరీలో ఇచ్చిన సూక్ష్మపోషకాల మందును నెలన్నర పాటు పిచికారీ చేశాను. ముడత తగ్గకపోగా, మొగ్గలు విచ్చకముందే రాలిపోయాయి.

పల్నాడులో మిరప, పత్తి పండించే మా మరిది దసరాకు వచ్చినప్పుడు ఆ మొక్కను చూసి, "వదినా, ఆకు తిప్పి చూశారా?" అని అడిగాడు. తిప్పి చూస్తే ఈనెలు దారం పేనినట్లు ఉబ్బి, ముదురు ఆకుపచ్చగా కనిపించాయి. వాటిలో ఒక ఈనె మీద బియ్యపు గింజంత చిన్న ఆకు గిన్నెలా వంగి మొలిచి ఉంది. ఆకు అడుగున మరో ఆకు మొలవడం నేనెన్నడూ చూడలేదు. కుండీని కదిలించగానే ముగ్గుపిండి రేగినట్లు తెల్లదోమలు (ఆకు రసం పీల్చే చిన్న పురుగులు) లేచి, తిరిగి ఆకుల అడుగుకే చేరాయి.

తన మిరపలో ఆకులు ముడుచుకుపోయేలా చేసే బొబ్బర తెగులును కూడా ఈ తెల్లదోమే మోస్తుందని మరిది చెప్పాడు. నేను పంపిన ఫొటోలు చూసిన ఒక వ్యవసాయ శాస్త్రవేత్త, పేనుబంక, తామర పురుగుల వల్ల కూడా ఆకు ముడుచుకుంటుందనీ, అయితే ఈనెలు ఉబ్బి వాటి మీద చిన్న ఆకులు మొలవడం పత్తి ఆకుముడత వైరస్‌కు ముఖ్యమైన గుర్తు అనీ, రూఢి కావాలంటే వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్ష చేయించాలనీ వివరించారు. 1912లో నైజీరియాలో తొలిసారి నమోదైన ఈ తెగులు 1967లో పాకిస్థాన్‌లోని ముల్తాన్ ప్రాంతంలో కనిపించి, 1990ల్లో రాజస్థాన్, పంజాబ్, హర్యానా పత్తి పొలాలను తీవ్రంగా దెబ్బతీసింది. ముల్తాన్ పేరు పెట్టిన ఆ వైరసే మందారానికీ సోకుతుంది. దేశవాళీ పత్తి మాత్రం దీనిని తట్టుకుంటుందట. ఆ మాట వినగానే మరిది ముఖంలో కనిపించిన ఆసక్తి నాకు ఇంకా గుర్తుంది.

వైరస్ సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. వేపనూనె, జిగురు పూసిన పసుపు అట్టలు తెల్లదోమను తగ్గిస్తాయే తప్ప, మొక్కలోని వైరస్‌ను తొలగించలేవు. ఈ సంగతి అర్థమయ్యాక కూడా అత్తగారి చేతి మొక్కను పీకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చివరికి ముందుగా వేపనూనె చల్లి, దోమలు చెదిరిపోకుండా మొక్క మీద పాలిథిన్ సంచి కప్పి, వేళ్లతో సహా తీసేశాను. ఇదే వైరస్ సోకే వీలున్నందున పక్కనే ఉన్న బెండ మొక్కలనూ, ముడత కనిపించిన మరో మూడు మందారాలనూ తొలగించాను.

అంతకంటే కష్టమైనది మరొకటి ఉంది. జూన్‌లో ఆ మొక్క కొమ్మలే కత్తిరించి ఇరుగుపొరుగు ముగ్గురికి ఇచ్చాను. కొమ్మ ద్వారా కూడా వైరస్ వెళ్తుంది కనుక, ప్రతి ఇంటికీ వెళ్లి విషయం చెప్పి, వారి ముందే ఆకులు తిప్పి చూశాను. రెండిళ్లలో ఆకులు శుభ్రంగా ఉన్నాయి. మూడో ఇంట్లో ఈనెలు అప్పుడే ఉబ్బుతున్నాయి. ఆ పిన్నిగారు ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, ఒక సంచి తెచ్చి నా చేతికిచ్చారు.