రోళ్లపాడు గడ్డిలో గద్దల లెక్క

వలస గద్దల్ని లెక్కపెట్టడం అంటే ఏదో గుట్టెక్కి, ఆకాశం కేసి చూస్తూ కూర్చోవడమే అనుకుంటారు. ఇజ్రాయెల్‌లోని ఎయిలాట్ దగ్గర వసంతంలో అలాగే లెక్కపెడతారు. ఆఫ్రికా నుంచి ఉత్తరానికి తిరిగిపోయే పెద్ద గద్దలకి పైకి లేచే వేడిగాలి కావాలి. సముద్రం మీద అది దొరకదు కాబట్టి నేల ఉన్న చోటికే గుంపుగా చేరతాయి. మన వైపు చలికాలం గడిపే హారియర్లకి, అదే మన పిల్లిగద్దలకి, ఆ ఇబ్బంది లేదు. ఒళ్లు తేలిక, రెక్కలు పొడవు, వేడిగాలి లేకపోయినా రెక్కలాడించుకుంటూ పోతాయి. ఒక దారంటూ పెట్టుకోవు. ఎర్రమల కొండల మీద పొద్దస్తమానం కూర్చున్నా వాటి లెక్క తేలదు. అవి పడుకునే చోటికే మనం పోవాలి.

మాకు ఆ చోటు రోళ్లపాడు. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా పోవాలి. 2022లో జిల్లాలు విడదీశాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది కానీ మా నోటికి ఇంకా కర్నూలే. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు, విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడు ఆ పిట్ట కనబడడమే గగనమైంది. కృష్ణజింకలు మాత్రం కావలసినన్ని. హారియర్లు చలికాలం మొదట్లో వచ్చి, ఎండలు ముదిరేలోపు మధ్య ఆసియా గడ్డి మైదానాలకి తిరిగిపోతాయి.

అనుమతి సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. అర్జీ, ఆధార్ జిరాక్స్, ఎవరెవరు వస్తారో పేర్లు. సంతకం పెట్టాల్సిన సారు క్యాంపులో ఉన్నారని తిప్పారు, తర్వాత ఇచ్చారు. షరతు ఒక్కటే: గడ్డిలోకి అడుగు పెట్టకూడదు, టార్చి వేయకూడదు.

హారియర్లు చెట్ల మీద పడుకోవు. మోకాలి ఎత్తు గడ్డిలో నేల మీదే, ఒక్కొక్కటి తన చోటు చూసుకుని దిగుతుంది. పగలంతా శనగ చేల మీదా జొన్న చేల మీదా తిరిగి, పొద్దు వాలే వేళకి నాలుగు దిక్కుల నుంచీ వస్తాయి. అందుకే మేం కూడా గడ్డికి నాలుగు వైపులా దూరంగా కూర్చున్నాం. వాచీలన్నీ ఒకే టైముకి కలుపుకున్నాం. ప్రతి పది నిమిషాలకీ ఒక గడి. లోపలికొచ్చినవి ఒక పక్క, బయటికి పోయినవి ఇంకో పక్క గీతలు గీయాలి. వచ్చినవాటిలోంచి పోయినవి తీసేస్తే లెక్క. చెప్పడానికి ఇంతే.

అసలు టెన్షన్ అవి దిగి మళ్లీ లేచినప్పుడు మొదలవుతుంది. దిగిన చోటు నచ్చక ఒకటి లేస్తుంది, దాన్ని చూసి పక్కవి రెండు లేస్తాయి, ఒక చుట్టు తిరిగి అవతలి వైపు దిగుతాయి. ఆ చుట్టులో నా హద్దు దాటి, తూర్పు వైపు కూర్చున్న లెక్చరర్ గారి హద్దులోంచి లోపలికి పోతే, ఆయన షీట్‌లో అవి కొత్త పక్షులే. మొదటి సాయంత్రం అన్ని షీట్లూ కలిపితే వచ్చిన మొత్తాన్ని మాలో ఎవరూ నమ్మలేదు. దాంతో ఒక నియమం పెట్టుకున్నాం. గడ్డి అంచున ఉన్న ఫైర్ లైన్ (మంట పాకకుండా గడ్డి తీసేసిన పట్టీ) దాటి బయటికి పోతేనే పోయినట్టు, ఆ గీత దాటి లోపలికొస్తేనే వచ్చినట్టు. లోపల ఎన్నిసార్లు లేచి దిగినా కలం కదపకూడదు. కలం కదపకుండా ఉండడం ఎంత కష్టమో కూర్చుంటే తెలుస్తుంది.

ఏ పక్షి ఏదో రాయడం ఇంకో పని. మగవాటితో పేచీ లేదు. పాలిడ్ హారియర్ అనే రకంలో మగది దాదాపు తెల్లగా ఉంటుంది, రెక్క కొసన సన్నటి నల్లటి చీలిక. మాంటెగ్యూ హారియర్ మగది ముదురు బూడిద రంగు, రెక్క మీద అడ్డంగా నల్ల చార. మార్ష్ హారియర్ ఆడది ముదురు గోధుమ రంగు ఒంటి మీద మీగడ రంగు తలతో దూరం నుంచే తెలిసిపోతుంది. పాలిడ్, మాంటెగ్యూ ఆడవీ పిల్లలూ మాత్రం అన్నీ గోధుమ రంగే, తోక మొదట్లో తెల్ల పట్టీ. మంచి వెలుతురులో పాలిడ్ మెడ చుట్టూ పాలిపోయిన పట్టీ కనిపిస్తుంది. ఆరున్నర దాటాక అవేవీ కనబడవు. వాటిని ‘రింగ్‌టెయిల్’ అనే గడిలో వేసి ఊరుకోవాలి. ఆ గడి నిండుగా ఉన్న షీట్ చూస్తే నాకు నమ్మకం కుదురుతుంది. చీకట్లో కూడా అన్నిటికీ పేర్లు రాసినవాళ్ల షీటే అనుమానం.

గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన మా దగ్గర ఆగాడు.

“ఏం సార్, గద్దల్ని లెక్కబెట్టేదానికి ఇంతమందా? నా గొర్రెల్ని నేనొక్కణ్ణే లెక్కబెడ్తా.”

“నీ గొర్రెలు ఒక్క దొడ్డివాకిట్లోంచి పోతాయి పెద్దాయనా. వీటికి వాకిలి లేదు.”

“అట్లయితే తెల్లారి లేచేటప్పుడు లెక్కబెట్టండి. లేచేటప్పుడు యాదైనా ఒక్కసారే గదా లేచేది.”

మా షెడ్యూల్లో తెల్లవారుజాము లెక్క ఉండనే ఉంది, కారణం కూడా దాదాపు అదే. సూర్యుడు రాకముందే ఒక్కొక్కటిగా లేస్తాయి, కాసేపటికే గడ్డి ఖాళీ. సాయంత్రం లెక్కకీ పొద్దుటి లెక్కకీ తేడా ఎక్కువొస్తే రెండూ రాసి పెడతాం, సగటు తీయం.

పక్షులన్నీ పోయాక అభయారణ్యం కాపలా చూసే వాచర్ అన్న ఒక్కడే లోపలికెళ్లి, అవి పడుకున్న చోట రాలిన ఉండలు తెచ్చాడు. అరగనివన్నీ నోటి నుంచి ఉండగా కక్కేస్తాయి. బొటనవేలంత ఉండ, ఎండిపోయి ఉంది. కాగితం మీద విప్పితే మిడత కాళ్లు రంపపు పళ్లతో సహా బయటపడ్డాయి, వాటి మధ్య చిన్న పిట్ట ఈకలు. శనగ రైతుకి ఇవి చేసే మేలేంటో ఆ కాగితం చూపిస్తే చాలు. పురుగుమందు కొట్టి మిడతల్ని చంపుకుంటూ పోతే వీటికి తిండి ఎక్కడిదని వాచర్ అన్న బాధ.

మార్చిలో వారం వారం అదే పని. ముందు తెల్ల మగవి తగ్గాయి. రింగ్‌టెయిళ్లు ఇంకొంత కాలం వస్తూనే ఉన్నాయి, వాటిలో చాలావరకు ఆ ఏటి పిల్లలేనని మా అంచనా. పోయే గుంపు ఒక్కసారి కూడా మా కంట పడలేదు. వలస మాకు తెలిసిందల్లా షీట్లలో గీతలు తగ్గడం వల్లే. అందుకే ‘ఒక్క పక్షీ రాలేదు’ అన్న సాయంత్రం షీట్ కూడా టైములతో సహా నింపి ఇవ్వాలి. ఖాళీగా వదిలేస్తే మనం పోలేదో, పక్షులు రాలేదో తర్వాత చూసేవాళ్లకి తెలియదు.

చివరి షీట్‌లో రిమార్క్స్ దగ్గర పడమర వైపు గడ్డి కొంత కాలిందని రాశాను. ఎవరో బీడీ పారేసి ఉంటారని వాచర్ అన్న అన్నాడు కానీ చూసినవాళ్లు లేరు కాబట్టి ఆ ముక్క రాయలేదు.