టాక్సిన్స్ పోతున్నాయిలే అన్నారు

ఇప్పుడు నా లివర్ రక్తపరీక్ష రిపోర్టు నార్మల్‌గా ఉంది. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఈ సంగతి రాయకూడదని ఆగాను. మధ్యలో రాసుంటే మొత్తం తిట్లే ఉండేవి. ఇప్పుడూ కొన్ని ఉంటాయి, ఏమీ అనుకోకండి.

మాది కాకినాడ. ఆఫీసులో ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో నాకు గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. రిపోర్టు పట్టుకుని వెళ్తే డాక్టరుగారు స్కాన్ ఫిల్మ్ కవర్లోంచి కూడా తీయలేదు. "వెయిట్ తగ్గండమ్మా, ఆయిల్ తగ్గించండి" అని చీటీ మీద ఏదో లివర్ టానిక్ రాసి బెల్ కొట్టారు. ఎంత తగ్గాలి, ఎలా తగ్గాలి, అన్నం మానాలా వద్దా అని అడగబోయేలోపే తర్వాతి పేషెంటు వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆయన మీద నాకు ఇంకా కోపమే. ఆ గదిలో దొరకని పావుగంట నాకు మా పెద్దాడపడుచు ఇంట్లో దొరికింది మరి.

వదినది వెల్‌నెస్ క్లబ్. వాళ్ళ హాల్లో ఒక మిషను ఉంటుంది, చెప్పులు విప్పి దాని మీద నిలబడితే బరువుతో పాటు 'బాడీ ఏజ్' అని ఒక అంకె చూపిస్తుంది. నాకు 42 ఏళ్ళు, అది 58 అంది. చుట్టూ అంతమంది ఆడవాళ్ళు వింటుండగా మీ వయసు 58 అంటే ఎవరైనా ఏదైనా కొంటారు. కానీ నన్ను పడేసింది మిషను కాదు. వదిన పక్కన కూర్చోబెట్టుకుని ఏం తింటున్నావు, ఎన్నింటికి పడుకుంటున్నావు, అమ్మ మందులు నువ్వే చూస్తున్నావా, మా తమ్ముడేమైనా పట్టించుకుంటున్నాడా అని ఒక్కొక్కటే అడిగింది. అంత ఓపికగా నన్నెవరూ అడగలేదు. అడిగాక చేతిలో పెట్టింది. పొద్దున ఒక షేక్, రాత్రి అన్నం బదులు ఇంకో షేక్, పరగడుపున గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్, పడుకునే ముందు 'లివర్ డిటాక్స్' పొడి. నెలకి తొమ్మిది వేలు చిల్లర, అదీ మనింటి పిల్లవని డిస్కౌంటు పోగా.

షాపువాడైతే వద్దని వచ్చేస్తాం. ఆడపడుచుకి వద్దంటే ఆ మాట వచ్చే సంక్రాంతి దాకా నలుగుతుంది. ఈ వ్యాపారం పొడుల మీద కాదు, మన మొహమాటం మీద నడుస్తోందని నా నమ్మకం. చేరినవాళ్ళు ఇంకొందరిని చేర్చాలి, ఆ ఇంకొందరు ఎవరంటే తోడికోడళ్ళు, పక్క ఫ్లాట్ వాళ్ళు, పిల్లల స్నేహితుల అమ్మలు.

బరువు తగ్గిన మాట నిజం. రాత్రి అన్నం మానేస్తే పొడి లేకపోయినా తగ్గుతారు, ఆ సంగతి క్లబ్బులో ఎవరూ అనరు.

రెండో నెలలో మొదలైంది. పోపు వాసన తగిలితే చాలు కడుపులో తిప్పేది. అరచేతులు, అరికాళ్ళు ఒకటే దురద, రాత్రుళ్ళు నిద్రలోనే గీరుకునేదాన్ని. యూరిన్ చూస్తే చిక్కటి కాఫీ డికాషన్‌లా వస్తోంది. వదినకి ఫోన్ చేశాను. "టాక్సిన్స్ పోతున్నాయిలేవే, అందరికీ ఇలాగే అవుతుంది. ఇప్పుడు ఆపావంటే మళ్ళీ మొదటికొస్తుంది, నీళ్ళు బాగా తాగు" అంది. గ్రూపులో వాళ్ళ పై కోచ్‌ని అడిగితే ఆవిడ దీన్ని 'హీలింగ్ క్రైసిస్' అంటారని వాయిస్ మెసేజ్ పెట్టింది. కింద అందరూ చప్పట్ల బొమ్మలు.

నాకు జబ్బు చేసినదాని కంటే ఈ మాటే ఎక్కువ మండుతుంది ఇప్పటికీ. వాంతి వస్తే విషం పోతోంది, దురద వస్తే విషం పోతోంది, లేచి నిలబడలేకపోతే ఇంకా బాగా పోతోంది! ఇక ఆపమని ఒళ్ళు ఏ రకంగా చెప్పాలి? ఏ విషం, దాని పేరేంటి, ఏ టెస్టులో కనపడుతుంది అని అడిగితే ఒక్కరూ చెప్పరు. ఒంట్లో అక్కరలేనివి విరిచి బయటికి పంపే పని లివరూ కిడ్నీలూ రాత్రీ పగలూ చేస్తూనే ఉంటాయి. నా విషయంలో ఆ లివర్నే కొడుతోంది ఆ గ్రీన్ టీ క్యాప్సూల్. ఆ మాట నమ్మి నేను ఇంకా కొన్నాళ్ళు మింగాను.

కళ్ళు పచ్చబడ్డాయని మొదట చూసింది ఆఫీసులో పక్క సీటు అమ్మాయి. ఆ సాయంత్రమే రక్తం ఇచ్చాను. బిలిరుబిన్ 14, ఎస్‌జీపీటీ 1,700 పైన. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే లెక్కలివి. మా అమ్మ కామెర్లకి పసరు పోసే ఊరు పేరు చెప్పి ఆటో కూడా మాట్లాడేసింది. ఎన్నడూ అత్తగారి మాట జవదాటని మా ఆయన ఆ రోజు గొంతు పెంచి, నన్ను కారెక్కించి విశాఖ తీసుకెళ్ళిపోయారు. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ, ఆటోఇమ్యూన్, స్కాన్లు, అన్నీ వరసగా చేసి ఇవేవీ కాదన్నారు. అప్పుడు లివర్ డాక్టరుగారు వచ్చి మంచం అంచున కూర్చుని, "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. మందులేం లేవు సార్, న్యూట్రిషనే అన్నాం. "ఆ న్యూట్రిషన్ డబ్బాలే తెప్పించండి" అన్నారు.

ఇక ఆ రాత్రి. రక్తం గడ్డకట్టే లెక్క ఒకటుంటుంది, ఐఎన్‌ఆర్ అంటారు, మామూలుగా 1 దగ్గర ఉండాలి. నాది 2.1కి వెళ్ళింది. ఐసీయూలో చేతికి ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే మందు డ్రిప్ పెట్టారు. గంటకోసారి సిస్టర్ వచ్చి లేపేది. మీ పేరేంటమ్మా, ఇవాళ ఏ వారం, మనం ఏ ఊళ్ళో ఉన్నాం? తర్వాత రెండు చేతులూ ముందుకి చాపి, మణికట్లు పైకి వంచి, వేళ్ళు విడదీసి పట్టుకోమనేది. కాసేపు నా వేళ్ళ వంకే చూసేది, ఏదో రాసుకుని వెళ్ళిపోయేది. ఎందుకో నాకు తెలీలేదు, ఇదీ ఒక టెస్టు కాబోలనుకున్నాను. తర్వాత కర్టెన్ అవతల డ్యూటీ డాక్టరు మా ఆయనతో చెప్తుంటే వినపడింది. చేతులు అలా నిలవకుండా రెపరెపలాడితే లివర్ వడగట్టలేనివి మెదడుకి ఎక్కుతున్నట్టట. ఐఎన్‌ఆర్ ఇంకా పెరిగి మనిషి మగతలోకి వెళ్తే ట్రాన్స్‌ప్లాంట్ చేసే చోటికి పంపాలి, ఇంట్లో డోనర్ ఎవరవుతారో ఆలోచించి పెట్టుకోండి అన్నారాయన.

అక్కడినుంచి నాకు నిద్రంటే భయం పట్టుకుంది. సిస్టర్ రాకముందే వారాలు చెప్పుకోవడం మొదలుపెట్టాను. గురువారం. కానీ గడియారం పన్నెండు దాటింది, ఇప్పుడు గురువారం అనాలా, శుక్రవారం అనాలా? తెల్లారితేనే కదా మనకి వారం మారేది! ఆవిడ లెక్కలో ఏ వారమో, తప్పు చెప్తే మతి పోతోందని రాసుకుంటుందేమో. ఆ ఒక్క ప్రశ్న మీద నేను పడ్డ టెన్షన్ ఏ పరీక్షకీ పడలేదు. మానిటర్ వెలుగులో చేతులు చాపుకుని నాకు నేనే చూసుకునేదాన్ని, వణికితే చలికేమోనని దుప్పటి కప్పుకుని మళ్ళీ చాపేదాన్ని. పిల్ల పదో తరగతి. అన్నవరం సత్యదేవా, మెట్లెక్కి వస్తాను స్వామీ అని మొక్కుకున్నాను. ఆవిడ వచ్చి అడిగినప్పుడు "గురువారం అర్ధరాత్రి దాటింది, అంటే శుక్రవారం" అని గబగబా చెప్పాను. సిస్టర్ నవ్వింది. ఆ నవ్వు చూశాక కాస్త ప్రాణం కుదుటపడింది. ఆవిడ పేరు కూడా అడగలేదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆ రాత్రంతా బయట ఇనుప కుర్చీలో కూర్చున్నది మా వదిన. డోనర్ మాట వినగానే "నాది సరిపోతే నాది తీసుకోమను" అందట మా ఆయనతో. ఇప్పుడు చెప్పండి, ఈవిడ మీద కోపం ఎలా పెట్టుకోవాలి? పెట్టుకున్నాను లెండి, కానీ నిలకడగా ఉండదు. ఒకరోజు మాట్లాడాలనిపించదు, ఇంకోరోజు ఆవిడ పంపిన తోటకూర పులుసు గిన్నె ఖాళీ చేసి కడిగి పంపిస్తాను.

మర్నాటినుంచి ఐఎన్‌ఆర్ దిగడం మొదలుపెట్టింది. కామెర్లు తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది. చూడ్డానికొచ్చిన పిన్ని ఒకావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏదైతేనేం, బాగా సన్నబడ్డావే" అంది. నేనేమీ అనలేదు, అనాల్సింది.

వదిన అడిగే ప్రశ్న ఒకటే: నేనూ అవే వాడాను కదా, నాకేం కాలేదే? నేనూ డాక్టరుగారిని ఇదే అడిగాను. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌తో ఇది అందరికీ జరగదు, కొందరికే జరుగుతుంది. అమెరికాలో ఇలా లివర్ దెబ్బతిన్నవాళ్ళని పరిశీలిస్తే హెచ్ఎల్ఏ-బి*35:01 అనే జన్యురకం మామూలు కంటే చాలా ఎక్కువమందిలో కనపడిందట. నాకు ఆ టెస్టు చేయలేదు. కప్పుల్లో తాగే గ్రీన్ టీ వేరు, దాని సారం తీసి క్యాప్సూల్‌లో కూరింది వేరు. అందులో ఈజీసీజీ అనే పదార్థం రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన వెళ్తే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. పరగడుపున వేసుకుంటే అది రక్తంలోకి ఇంకా ఎక్కువ చేరుతుంది. మనకి చెప్పేదేమో పరగడుపునే వేసుకోమని.

డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుంది కదా అంటారు. అది 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు. తయారుచేసేవాడికి లైసెన్సు ఉందని దానర్థం, మందులకి చేసినట్టు మనుషుల మీద పరీక్షించి చూశారని కాదు. సిబుట్రమిన్ అనే బరువు తగ్గే మందుని గుండెకి ప్రమాదమని మన దేశంలో 2011లో నిషేధించారు, అదే మందు 'హెర్బల్' అని రాసిన డబ్బాల్లో చాలా దేశాల్లో దొరికింది. హెర్బల్ అంటే భయం లేదనుకోవడం మనవాళ్ళ బలహీనత. గన్నేరు పప్పు కూడా హెర్బలే.

డిశ్చార్జి అయ్యాక అమ్మ పత్యం మొదలెట్టబోయింది, ఉప్పూ నూనే పప్పూ లేకుండా మజ్జిగన్నం. డైటీషియన్ అమ్మాయి వద్దంది. లివర్ కోలుకోవాలంటే ప్రొటీన్ కావాలి, పప్పు, గుడ్డు, పెరుగు, చేప తినమంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లోంచి పళ్ళెం బొమ్మ తీసి చూపించింది. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళు, మిగతా సగంలో అన్నమో రొట్టో, పప్పు, పెరుగు. ప్రొటీన్ పొడులకి దూరంగా ఉండమని ఆ సూచనల్లోనే ఉంది. కొత్తగా కొనాల్సింది ఒక్కటీ లేదు. అన్నం రెండో హస్తం తగ్గింది, కూర పెరిగింది, వారంలో కొన్ని రాత్రులు జొన్నరొట్టె. వారానికి 150 నిమిషాలు గట్టిగా నడవమన్నారు, పక్కవీధి స్కూల్ గ్రౌండులో నడుస్తున్నాను. ఫ్యాటీ లివర్‌కి బరువులో 7 నుంచి 10 శాతం నెమ్మదిగా తగ్గడమే అసలు వైద్యమట. మొదటి డాక్టరుగారు ఈ నాలుగు ముక్కలూ ఆరోజే చెప్పుంటే పోయేది కదా!

మొన్న స్కాన్‌లో గ్రేడ్ 1కి వచ్చింది. మొక్కు తీర్చుకోవడానికి అన్నవరం కొండ మెట్లెక్కాను, ఆయాసపడుతూ ఆగి ఆగి ఎక్కాను గానీ ఎక్కాను. ఆకుపొట్లంలో ప్రసాదం మాత్రం పూర్తిగా తిన్నాను. నెయ్యీ పంచదారా సంగతి నాకు తెలుసు, దేవుడికీ తెలుసు.

వదిన క్లబ్ మూయలేదు. ఇంట్లో సరుకు ఉంది, దాని మీద అప్పు ఉంది. గ్రీన్ టీ క్యాప్సూల్స్ మాత్రం అమ్మడం మానేసింది. రెండో నెలలో తీసిన నా ఫొటో, నీలం చుడీదార్‌లో, 'ముందు' ఫొటో పక్కన పెట్టి ఆవిడ గ్రూపులో పెట్టింది. నేను అడగ్గానే తీసేసింది పాపం, కానీ అప్పటికే అది పై గ్రూపులకి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఎవరెవరికో వెళ్తూనే ఉంది, పోయిన నెల మా ఆఫీసు అమ్మాయికే వచ్చింది. మీకెవరికైనా వస్తే, ఆ తర్వాత ఏం జరిగిందో కింద రాసి పంపించండి. ఇలాంటివి వాడుతున్నవాళ్ళకి యూరిన్ రంగు మారినా, దురద పట్టినా కోచ్‌ని అడగొద్దు, ఆపేసి అదేరోజు ఎల్‌ఎఫ్‌టీ అనే లివర్ రక్తపరీక్ష చేయించుకోండి, కొన్ని వందల్లో అయిపోతుంది. డబ్బాలు కోపంతో పారేయకండి, డాక్టరుకి అవి కావాలి.