ఉమర్ షరీఫ్ గొంతున్న క్యాసెట్లను కాపాడుకుందాం

2021 అక్టోబర్ 2న జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పాకిస్తాన్ హాస్య నాటక నటుడు ఉమర్ షరీఫ్ కన్నుమూశారు. గుండె వైద్యం కోసం కరాచీ నుంచి అమెరికాకు ఎయిర్ అంబులెన్స్‌లో తీసుకెళ్తుంటే దారిలోనే ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. ఆయన్ని కరాచీలో అబ్దుల్లా షా ఘాజీ దర్గా దగ్గర ఖననం చేశారు. అంతకు పదేళ్ల ముందే, 2011 ఏప్రిల్ 22న, అక్కడి మరో హాస్య నటుడు మొయిన్ అఖ్తర్ పోయారు. ‘బక్రా కిస్తోం పే’ నాటకంలో ఇద్దరూ ఒకే వేదిక మీద ఉన్నారు. వాళ్లను తలుచుకుంటే చాలు, మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగిళ్లలో అటక మీది క్యాసెట్ల అట్టపెట్టెలు కిందికి దిగుతాయి.

కరాచీ నాటకానికి నాందేడ్ జిల్లాలో ఇంత ప్రేమ ఎందుకంటే కారణం ఉంది. 1956 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రం. నిజాం కాలంలో బడి చదువు, కచేరీ కాగితం, ఎక్కువగా ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, దోస్తులతో దక్కనీ ఉర్దూ మాట్లాడే మనుషులకు ఉమర్ షరీఫ్ యాస కొత్తే గానీ, మాట కొత్త కాదు. ఆయన పెరిగిన లియాఖతాబాద్, పాత పేరు లాలూఖేత్, మామూలు జనం బతికే బస్తీ. ఆయన నవ్వించింది ఆ గల్లీ మాటతోనే. అందుకే ఆ నవ్వుకు ఇక్కడ తర్జుమా అక్కర్లేకపోయింది.

ఆయన నాటకంలో రాసుకున్న మాట ఎంత ఉంటుందో, వేదిక మీద అప్పటికప్పుడు అల్లిన మాటా అంతే బలంగా ఉంటుంది. ఆ రాత్రి ఆ జనం ఎదుట పుట్టిన మాట ఏ కాగితం మీదా ఉండదు, టేపు మీదే ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే కాపీల్లో కోతలు పడ్డవీ ఉన్నాయి. మీ ఇంట్లోని అరిగిన క్యాసెట్‌లో అక్కడ లేని పది నిమిషాలు ఉండొచ్చు. కాబట్టి పారేయకండి, ఆత్రపడి మిషన్‌లో పెట్టనూ వద్దు.

ముందు క్యాసెట్‌ను వెలుతురుకు ఎత్తి, కిటికీలోంచి రీలు చుట్టను చూడండి. అంచుల మీద తెల్లటి పొడి, చుక్కలు కనిపిస్తే అది బూజు. గోదావరి పక్క ఊళ్లలో వానాకాలం చెమ్మకు ఇది మామూలే. బూజు పట్టిన క్యాసెట్ వేస్తే ఆ పొడి హెడ్డుకు (రీలు మీది ధ్వనిని చదివే భాగం), రబ్బరు చక్రానికి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. దాన్ని వేరే జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లాలతో ఒకటి రెండు వారాలు ఆరనివ్వాలి. తర్వాత ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దులపాలి. ఎండలో మాత్రం పెట్టొద్దు. మన మే నెల ఎండకు ప్లాస్టిక్ కేసు వంకరపోతుంది, రీలు ముడుచుకుంటుంది.

బూజు లేకపోతే రీలు నొక్కి ఉండే చిన్న స్పాంజి ముక్కను చూడండి. అది క్యాసెట్ తెరిచి ఉన్న అంచు మధ్యలో, రాగి రంగు రేకు మీద ఉంటుంది. పాత జిగురు ఎండిపోయి ఆ ముక్క రాలిపోతే రీలు హెడ్డుకు సరిగా ఆనదు. గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు మందంగా వినిపిస్తుంది. చాలామంది టేపే పాడైందనుకుని పారేసేది ఇక్కడే. రీలు బాగానే ఉంటుంది, డబ్బా మార్చాలి అంతే. ఐదు చిన్న స్క్రూలున్న ఖాళీ క్యాసెట్ ఒకటి తీసుకుని, రెండు చుట్టలను, వాటి మధ్య రీలు తెగకుండా, అందులోకి మార్చండి. స్క్రూలు లేకుండా అతికించిన కేసులను అంచు వెంట కత్తి మొనతో నిదానంగా విడదీయాలి. రెండు పక్కల జారుడు కాగితాలు, మూలల్లోని చిన్న చక్రాలు మరిచిపోతే రీలు రాసుకుని కీచుమంటుంది.

తెగిన రీలుకు సెల్లోటేప్ ఎప్పుడూ వద్దు. వేడికి దాని జిగురు కారి పక్క చుట్టుకు అంటుకుంటుంది, మళ్లీ అక్కడే తెగుతుంది. ఆడియో స్ప్లైసింగ్ టేప్ అనే సన్నటి పట్టీ విడిగా దొరుకుతుంది, క్యాసెట్‌కు సరిపోయేది 3.81 మిల్లీమీటర్ల వెడల్పుది. తెగిన రెండు కొసలను కలిపి ఏటవాలుగా కోసి, సందు లేకుండా ఆనించి, లోపలి ముఖం మీద అతికించాలి. హెడ్డుకు తగిలేది బయటి ముఖం, దాని మీద ఏదీ ఉండకూడదు.

ఇక మిషన్. ఏళ్ల తరబడి మూలన పడున్న టేప్ రికార్డర్‌లో రబ్బరు బెల్టు సాగిపోయి గానీ, కరిగి జిడ్డుగా గానీ ఉంటుంది. అలాంటిది రీలును సరిగా చుట్టలేక లోపలే చిక్కు పెట్టి నమిలేస్తుంది. బెల్టు మార్పించండి. హెడ్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో, మరక రావడం ఆగేదాకా తుడిచి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. రబ్బరు చక్రాన్ని కూడా తుడవాలి, దాని మీది గోధుమ రంగు పొరే రీలును పక్కకు లాగుతుంది. మొదట మీకు అక్కర్లేని క్యాసెట్ వేసి చూశాకే అసలుది పెట్టాలి. పెట్టాక కూడా వెంటనే వినకుండా ఒకసారి ఆ చివరికి, ఒకసారి ఈ చివరికి చుట్టండి. ఏళ్లుగా ఒకదానికొకటి అంటుకున్న చుట్లు వదులవుతాయి. 120 నిమిషాల క్యాసెట్ల రీలు 60 నిమిషాల వాటి మందంలో సగమే ఉంటుంది. వాటిని ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకుండా చేత్తో, పెన్సిల్ పెట్టి తిప్పడమే మంచిది. ఇవేవీ మొదలుపెట్టక ముందే క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు ట్యాబ్‌లు విరిచేయండి, పొరపాటున రికార్డ్ బటన్ పడినా చెరిగిపోదు.

హెడ్డు పక్కన స్ప్రింగుతో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్డు ఎంత నిటారుగా నిలవాలో అది చూసుకుంటుంది. మన చేతికొచ్చిన క్యాసెట్లలో చాలావరకు దుకాణాల్లో డబుల్ డెక్ (రెండు క్యాసెట్లు పట్టే మిషన్) మీద ఒకదాన్నుంచి ఒకటి ఎక్కించినవే. ఒక్కో డెక్ హెడ్డు ఒక్కోలా వాలి ఉంటుంది కాబట్టి ప్రతి క్యాసెట్‌కూ ఈ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పి సరిచేయాలి. స, శ, ఖ లాంటి అక్షరాలు అన్నిటికంటే స్పష్టంగా పలికేచోట ఆపండి. ఉర్దూ మాటకు ఈ అక్షరాలే ప్రాణం. ఈ ఒక్క పని చేసినా సగం మంది “ఇది మా పాత క్యాసెట్టేనా” అంటారు. బుస తగ్గించే డాల్బీ బటన్ ఉంటే ఆపేయండి.

కంప్యూటర్‌కు కలిపేటప్పుడు టేప్ రికార్డర్ లైన్ అవుట్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్ ఇన్ రంధ్రానికే కలపాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు లైన్ ఇన్ ఉండదు, మైకు రంధ్రంలో పెడితే గొంతు పగిలిపోతుంది. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ కొనుక్కోండి. ‘హూఁ’ అని సన్నటి హోరు వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు పోతుంది. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలుగా తీసుకుంటే నిమిషానికి సుమారు 17 ఎంబీ, 60 నిమిషాల క్యాసెట్‌కు దాదాపు ఒక జీబీ.

హాస్య నాటకాలకు లెవెల్ పెట్టడంలో అందరూ ఒకచోట బోల్తా పడతారు. మాటల్ని బట్టి లెవెల్ పెడితే, జనం ఒక్కసారిగా నవ్వి చప్పట్లు కొట్టినప్పుడు ధ్వని పరిమితి దాటి చీలిపోతుంది. అలా చీలింది తర్వాత బాగుపడదు. బాగా నవ్వు పేలే చోటు వెతికి, అక్కడ లెవెల్ ముల్లు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి.

ఆ తర్వాత శుభ్రం చేయడం. ఇక్కడ చేయి తగ్గించమని గట్టిగా చెబుతున్నా. టేపు బుసను పూర్తిగా తీసేయబోతే జనం నవ్వు కూడా నలిగి, నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు బుసకూ వందలమంది నవ్వుకూ తేడా సరిగా తెలియదు. 6 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. నిశ్శబ్దాలను తానే కత్తిరించే సౌకర్యాన్ని అసలు ముట్టుకోవద్దు. ఉమర్ షరీఫ్ మాట ఆపి, ఎదుటివాడి మొహం చూసి, ఇంకొంచెం ఆగి, అప్పుడు అనే మాటకే హాలు కూలిపోతుంది. ఆ ఆగడం తీసేస్తే మిగిలేది ఉత్త జోకు. గొంతు నెమ్మదిగా, బరువుగా వినిపిస్తే ఎక్కించిన డెక్ వేగం తేడా అన్నమాట. అదే నాటకం మంచి కాపీ ఎక్కడైనా దొరికితే ఒకే వాక్యాన్ని రెండింట్లో కొలిచి, ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’తో (పాత వెర్షన్లలో ‘చేంజ్ స్పీడ్’) సరిచేయండి. ‘చేంజ్ టెంపో’ వాడితే వేగం మారుతుంది గానీ గొంతు బరువు అలాగే ఉండిపోతుంది. మార్పులన్నీ కాపీ మీదే, మొదటి వేవ్ ఫైలును అలాగే ఉంచండి.

వీడియో క్యాసెట్ల సంగతి వేరు. వీసీఆర్ హెడ్డు గిర్రున తిరిగే డ్రమ్ము మీద ఉంటుంది, దూది పోగు తగిలినా విరిగిపోవచ్చు. ఆల్కహాల్‌లో తడిపిన పోగులు రాలని తోలు ముక్కను డ్రమ్ముకు కదలకుండా ఆనించి, డ్రమ్మును చేత్తో తిప్పాలి. పైకీ కిందికీ రుద్దకూడదు. చేతకాకపోతే తెలిసిన మెకానిక్‌కు ఇవ్వండి. ఇక్కడ పంతం పనికిరాదు.

దక్కనీ హాస్య ముషాయిరాల (కవి సమ్మేళనాల) క్యాసెట్లకూ ఇదే పద్ధతి. రేపర్ కాగితాన్ని, దాని మీది దుకాణం ముద్రను, చేతిరాతను ఫోటో తీసి ఫైలుతోపాటే దాచండి. సైడు చివర నాటకం అయిపోయాక పాత రికార్డింగ్ ముక్క, ఎవరి పెళ్లి మాటలో, వినిపిస్తే దాన్నీ కోయొద్దు. ఫైళ్లు రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో చుట్టాలింట్లో ఉంటే ఇంకా నయం. అసలు క్యాసెట్లను రేకుల కప్పు కింద గానీ, స్పీకర్ల పక్కన గానీ కాకుండా, రీలు మొత్తం ఒక పక్కకు చుట్టి, బీరువాలో నిలువుగా పెట్టండి.

ఒకేసారి అన్నీ కుదరకపోతే బూజు మొదలైనవి, 120 నిమిషాలవి, వీడియోలు ముందు పట్టుకోండి. కంపెనీ ముద్రతో వచ్చిన 60 నిమిషాల క్యాసెట్లు ఇంకొన్నేళ్లు ఆగగలవు.