రెండు గడులు

2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగిన జనగణనలో పర్లాకిమిడి పట్టణంలోని రెండు వీధులు నా వంతుకు వచ్చాయి. అప్పటికి కాగితాల మీద మా రాష్ట్రం పేరు ఇంకా ఒరిస్సాయే. ఒడిశాగా మారింది ఆ ఏడాది నవంబరులో. ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి కనుక ఇల్లిల్లూ తిరిగి, తెలుగులో అడిగి, ఒడియాలో నింపేవాణ్ణి. మొత్తం 29 ప్రశ్నలలో చివరగా వచ్చేవి వివాహమైన స్త్రీలను మాత్రమే అడగవలసినవి. ఇప్పుడు జీవించి ఉన్న పిల్లలు ఎందరు, అసలు పుట్టిన పిల్లలు ఎందరు, అందులో మగపిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు అని వేరువేరు గడులు ఉండేవి. వాటిని యంత్రం చదువుతుంది కాబట్టి అంకె గడి దాటకూడదని శిక్షణలో పదే పదే చెప్పారు. నా శ్రద్ధంతా దాని మీదే ఉండేది. "ఆరుగుర్ని కన్నాను బాబూ, ముగ్గురు మిగిలారు" అని ఒక ముసలమ్మ గడపలో కూర్చుని చెబితే, ఆరు ఒక గడిలో, మూడు మరొక గడిలో చక్కగా వ్రాసి, పక్క ఇంటికి వెళ్ళిపోయాను.

ఆ ఫారాలు ఇంట్లోవాళ్ళకు కూడా చూపకూడదు. అయినా రాత్రి నేను సరిచూసుకుంటున్నప్పుడు నా భుజం మీదుగా వంగి చూసే ఎనిమిదేళ్ళ పిల్లను ఆపడం నా వల్ల కాలేదు. "ఈ మామ్మకు ఒక గడిలో ఒక అంకె, ఇంకో గడిలో ఇంకో అంకె రాశారు నాన్నా, తప్పు" అన్నది మా అమ్మాయి. "తప్పు కాదమ్మా, ముగ్గురు పోయారు, అంతే" అన్నాను. ఆ "అంతే" అన్న మాటను నేను ఎంత తేలికగా అన్నానో, అది ఇన్నేళ్ళుగా నన్ను ఎన్ని రాత్రులు లేపి కూర్చోబెట్టిందో ఇక్కడ వ్రాయడం సాధ్యం కాదు.

2013లో నన్ను కొండమీది పాఠశాలకు బదిలీ చేశారు. మరుసటి సంవత్సరం ఆగస్టు 15న జెండా వందనం చూస్తానని పట్టుబట్టి అమ్మాయి నాతో వచ్చి, రెండు రాత్రులు బడి పక్క గదిలో పడుకున్నది. దోమతెర ఒకటే ఉన్నది. అది తనకే కట్టాను గాని, సాయంత్రాలు ఆరుబయట పిల్లలతో ఆడుకునే పిల్లకు దోమతెర ఏం చేయగలదు? ఇంటికి వచ్చిన పది రోజులకు జ్వరం తగిలింది. వానాకాలపు జ్వరమే అనుకుని రెండు రోజులు పారాసిటమాల్ ఇచ్చాను. మూడో రాత్రి మూర్ఛ వచ్చింది. ఆసుపత్రిలో ఫాల్సిపారం మలేరియా అన్నారు, మెదడుకు సోకిందన్నారు. మరునాటి సాయంకాలానికి అంతా అయిపోయింది. అప్పటికి దానికి పదకొండేళ్ళు.

ఆ తరువాత నేను చదివినదంతా నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. దోమ కుట్టిన తరువాత సాధారణంగా పది పదిహేను రోజులలో జ్వరం వస్తుంది. ఫాల్సిపారం అయితే 24 గంటలలోపు మందు మొదలుపెట్టకపోతే ప్రాణం మీదికి రావచ్చు. వేలి కొసన ఒక చుక్క రక్తం తీసి పరీక్షించే పట్టీ ఆశా కార్యకర్తల దగ్గర ఉంటుంది, ఫలితం ఇరవై నిమిషాలలో తెలుస్తుంది. మా వీధి ఆశా అక్క ఇల్లు మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతల. దక్షిణ ఒడిశా కొండలలో పనిచేసే ఉపాధ్యాయుడికి ఇది తెలియదా అని ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే జవాబు చెప్పుకునే అవకాశమైనా ఉండేదేమో.

మహేంద్రతనయ ఒడ్డున కార్యం ముగిసిన తరువాత మా పురోహితుడుగారిని సంవత్సరీకం గురించి అడిగాను. పెళ్ళికాని ఆడపిల్లకు మన ఇళ్ళలో తద్దినం పెట్టే ఆచారం లేదు బాబూ అని ఆయన ఎంతో మృదువుగా చెప్పారు. ఆయనను నిందించను. కాని నాన్నగారికి ఏటేటా ఒక తిథి ఉన్నది, అమ్మకు ఒక తిథి ఉన్నది, నా కూతురికి మాత్రం పంచాంగంలో ఎక్కడా చోటు లేదు. కాగితాలలో మాత్రం ఉన్నది. 1969 నాటి చట్టం ప్రకారం పుట్టుకకూ చావుకూ నమోదు గడువు ఒకటే, 21 రోజులు. దాని పుట్టుకను గడువుకు ముందే, సంబరంగా నమోదు చేయించాను. చావును ఇరవయ్యో రోజున వెళ్ళి వ్రాయించాను. రేషన్ కార్డులో పేరు కొట్టివేయించడానికి మాత్రం మా తమ్ముణ్ణి పంపాను.

మాటల విషయంలో కూడా నాకు ఇటువంటి లోటే కనబడింది. తెలుగులో కడుపుకోత అనే మాట ఉన్నది, గర్భశోకం ఉన్నది. ఆ రెండూ తల్లివి. తండ్రికి ఉన్నది పుత్రశోకం, దశరథుడికి అంధుడైన ఆ వృద్ధ తండ్రి ఇచ్చిన శాపం. పుత్రశబ్దంలో పుత్రిక కూడా చేరుతుందని పండితులు సమర్థించవచ్చు గాని, పరామర్శకు వచ్చినవారిలో ఒక్కరి నోటా నా విషయంలో ఆ మాట రాలేదు. అందరూ నా భార్య కడుపుకోత గురించి మాట్లాడి, నా వైపు తిరిగి "మీరు ధైర్యంగా ఉండి ఆమెను చూసుకోవాలి మాస్టారూ" అన్నారు. జనగణన ఫారంలోనూ అంతే కదా, ఆ గడులు తండ్రిని అడిగేవి కావు.

నేను ధైర్యంగానే ఉన్నాను. ఎంత ధైర్యంగా అంటే, మరుసటి ఏడాది గుణుపురం నుంచి వచ్చే ప్యాసింజరులో నౌపడా వెళుతుండగా ఎదుటి సీటు పెద్దమనిషి పిల్లలెంతమంది అని అడిగితే, పక్కన కిటికీ దగ్గర కూర్చున్న మా అబ్బాయిని చూపించి "ఒక్కడే" అన్నాను. ముక్కూ ముఖం తెలియని మనిషికి నౌపడా దాకా ఆ కథ చెప్పడం ఎందుకని అనుకున్నాను. నా భార్య ఏమీ అనలేదు. రెండు రోజులు చుట్టాల ఇంట్లో ఉన్నాము, తిరిగి వచ్చాము, ఇంటి తాళం తీసి లోపలికి అడుగుపెట్టిన తరువాత అన్నది: "ఒక్కడే అన్నారేం?"

నేను ఏవో కారణాలు చెప్పాను. ఆమె వినలేదు. "నన్ను అడిగితే ఇద్దరనే చెబుతాను. వాళ్ళు ఏమనుకుంటే అనుకోనీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఆ గడపలోని ముసలమ్మ గుర్తుకు వచ్చింది. ఫారంలో ముందుగా ఉండేది జీవించి ఉన్నవారి గడి. నేను దానినే ముందు అడిగాను. ఆమె మాత్రం ఆరుగురితోనే మొదలుపెట్టింది.

దుఃఖానికి అయిదు మెట్లు ఉంటాయని, ఒక్కొక్కటే ఎక్కి ఒడ్డున పడాలని చదువుకున్న మిత్రుడొకరు చెప్పారు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే వైద్యురాలు 1969లో ఆ మెట్లు వర్ణించింది మరణానికి చేరువైన రోగుల గురించి అని నాకు తరువాత తెలిసింది. దానికన్నా మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే మనస్తత్వ పరిశోధకులు 1999లో చెప్పినది నాకు నిజమనిపించింది. పోయినవారి వైపు ఒకసారి, మిగిలిన బతుకు వైపు ఒకసారి మనసు వెళ్ళి వస్తూ ఉంటుందని, ఏదో ఒక వైపే ఉండిపోవడం కన్నా ఆ రాకపోకలే మనిషిని నిలబెడతాయని వారన్నారు. దానికి తెలుగులో ఊగిసలాట కన్నా తగిన మాట లేదు. నిద్ర పట్టని రోజులు మళ్ళీ వచ్చినప్పుడు టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణికి, 14416కు, ఫోన్ చేశాను. ఒడిశాలో కూర్చుని తెలుగును ఎంచుకోవచ్చునని అప్పుడే తెలిసింది. దోమతెర సంగతి మొదటిసారి బయటికి చెప్పింది ఆ గొంతుకే. నా భార్యకు ఆ తరువాత చెప్పాను. ఆమెకు అది ముందే తెలుసు. ఆ బడి గది ఆమె కూడా చూసినదే.

ఊగిసలాట అంటే గుర్తుకు వచ్చింది గాని, మా సరిహద్దు ఊళ్ళలో ఆడపిల్లలకు ఏడాదికి రెండు ఉయ్యాలల పండుగలు. జూన్ నడుమ ఒడియావారి రజ పండుగ. భూమి రజస్వల అవుతుందని మూడు రోజులు నాగలి పట్టరు, ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టి, పోడపిఠా తిని, చెట్లకు ఉయ్యాలలు కట్టుకుని ఊగుతారు. ఆశ్వయుజ బహుళ తదియనాడు మన అట్లతద్ది. తెల్లవారకముందే లేచి తిని మళ్ళీ ఉయ్యాలే. ఒడియా స్నేహితురాళ్ళతో ఒకటి, పాతపట్నంలోని మేనమామ కూతుళ్ళతో ఒకటి, మా అమ్మాయి ఏ పండుగనూ వదులుకునేది కాదు. రజకు కట్టిన తాడును అట్లతద్ది దాకా విప్పనిచ్చేది కాదు. అది పోయిన రోజున కూడా మా పెరటి మామిడికొమ్మకు ఆ ఉయ్యాల వేలాడుతూనే ఉన్నది. ఎవరు విప్పారో, ఎక్కడ పారవేశారో నేను అడగలేదు. పంచాంగం ఇవ్వని తిథులను నేను ఈ రెండు పండుగలలో వెదుక్కున్నాను. ఆ రోజులలో ఇంట్లో ఉండలేక ఏదో ఒక పని కల్పించుకుని ఊరు విడిచి వెళ్ళేవాణ్ణి.

ఈసారి రజ పండుగకు ముందురోజు వెనక వాటాలో కొత్తగా అద్దెకు దిగిన ఒడియా దంపతులు, తమ ఏడేళ్ళ పాపకు మా మామిడికొమ్మకు ఉయ్యాల కట్టుకోవచ్చునా అని మొహమాటపడుతూ అడిగారు. నేను ఏమి చెప్పాలో ఆలోచిస్తూ ఉండగానే నా భార్య లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాల వెనక నుంచి గుడ్డలో చుట్టిన ఉయ్యాలపీటను తెచ్చి అరుగు మీద పెట్టింది. పీట ఒక అంచున, పదేళ్ళ క్రితం మా అమ్మాయి సుద్దముక్కతో వ్రాసుకున్న తన పేరులోని చివరి అక్షరం ఇంకా కొంచెం ఆనవాలు పట్టేటట్టు ఉన్నది. తాడు మాత్రం చీకిపోయిందట. బజారుకు వెళ్ళి కొత్త తాడు కొనుక్కుని వచ్చి, నిచ్చెన వేసుకుని కొమ్మకు కట్టాను. పాప పీట మీద కూర్చుని చూసుకున్నది. కాళ్ళు నేలకు అందలేదు.

కింద నిలబడి చూస్తున్న నా భార్య అన్నది: "ఇంకో జానెడు దించండి. మన పిల్ల పొడుగు, అందుకని దానికి అక్కడికి సరిపోయేది."