హాక్సా మిషన్ దానంతటదే ఆగాలంటే లిమిట్ స్విచ్ ఎక్కడ కలపాలి

పవర్ హాక్సాలో, అంటే ఇనుము కోసే రంపం మిషన్లో, లావుపాటి రాడ్ బిగించి స్టార్ట్ నొక్కితే కోత అయ్యేసరికి చాలాసేపు పడుద్ది, ఆపరేటర్ అక్కడే నిలబడడు, పక్క లేత్ దగ్గరికో టీకో పోతాడు. కోత అయ్యాక బ్లేడు ఉన్న ఫ్రేమ్ కిందకి దిగి, ఆ దారి చివర బిగించిన లిమిట్ స్విచ్‌ని నొక్కితే మిషన్ ఆగాలి, అంతే సంగతి. కానీ మా విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఆ ఒక్క స్విచ్‌ని ఎన్ని రకాలుగా కలిపి ఉంచారో చూస్తే తల తిరుగుద్ది. ఆగుతోంది కదన్నా, ఇంకేం కావాలి అంటారు. అన్నీ బాగున్నప్పుడు ఎలా కలిపినా ఆగుద్దిలే, వైరు తెగినప్పుడు, బాడీకి తగిలినప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేస్తదో చెప్పమంటే అప్పుడు చూస్తారు నా మొహం.

అన్నిట్లోకీ చెత్త పద్ధతి స్విచ్‌ని నేరుగా మోటారు లైన్లో పెట్టడం. త్రీ ఫేజ్ మోటారుకి ఒక్క ఫేజు స్విచ్ గుండా పంపుతారు, అది కట్ అయితే ఆగుద్దని లెక్క. తిరుగుతున్న మోటారు ఒక ఫేజు పోతే ఆగదండీ, మిగతా రెండిటి మీద మూలుగుతూ తిరుగుద్ది, కరెంటు ఎక్కువైతే కట్ చేసే ఓవర్‌లోడ్ రిలే సరిగా లేకపోతే వైండింగ్ కాలిపోద్ది. సింగిల్ ఫేజ్ చిన్న మోటారైతే ఆగుద్ది నిజమే, కానీ స్విచ్ మీద 10 యాంప్స్ అని రాసుందని మురిసిపోవద్దు, ఆ పది హీటర్ లాంటి లోడుకి. మోటారు స్టార్టింగ్‌లో ఐదారు రెట్లు లాగుద్ది, కొన్నాళ్లకి లోపల పాయింట్లు అతుక్కుపోతాయి, ఇక ఫ్రేమ్ ఎంత నొక్కినా అది తెరుచుకోదు.

స్విచ్ చెయ్యాల్సింది కాంటాక్టర్ కాయిల్‌ని పడేయడం, అంటే దానికి కరెంటు ఆపడం. కాంటాక్టర్ అంటే కాయిల్‌కి కరెంటు ఉన్నంతసేపు మోటారు లైన్ కలిపి ఉంచే పెద్ద స్విచ్, మోటారు కరెంటు సంగతి అది చూసుకుంటది. 230 వోల్ట్స్ కాయిల్ అయితే ఫేజు చిన్న ఫ్యూజులోంచి వచ్చి, ఓవర్‌లోడ్ రిలే 95-96 టెర్మినళ్లు, తర్వాత రెడ్ (స్టాప్) బటన్, తర్వాత లిమిట్ స్విచ్ ఎన్‌సీ (నొక్కనప్పుడు కలిసి ఉండే పాయింటు), తర్వాత గ్రీన్ (స్టార్ట్) బటన్, దానికి అడ్డంగా, అంటే పారలల్‌గా, కాంటాక్టర్ 13-14 హోల్డింగ్ (గ్రీన్ వదిలేసినా కాయిల్‌కి కరెంటు నిలిపే పాయింటు), అక్కణ్ణుంచి కాయిల్ ఒక చివర ఎ1, రెండో చివర ఎ2 నుంచి న్యూట్రల్. ఎన్‌సీ ఎందుకంటే వైరు తెగినా, వైరు చివరి లగ్గు ఊడినా, స్విచ్ విరిగి కింద పడినా కాయిల్‌కి కరెంటు పోద్ది, మిషన్ ఆగుద్ది. ఎన్‌ఓ, అంటే నొక్కితేనే కలిసే పాయింటు, పెట్టి రిలేతో తిప్పి ఆపేవాళ్లున్నారు, అక్కడ వైరు తెగితే ఆ సంగతి ఎవరికీ తెలీదు, బ్లేడు కిందకి వచ్చి బెడ్‌ని కోస్తున్నప్పుడు తెలుస్తది.

ఇంకో గొడవ, స్విచ్‌ని న్యూట్రల్ వైపు, అంటే ఎ2 తర్వాత పెట్టడం. వైరు దగ్గరైందనో ఏదో ఒకటి చెప్తారు. హాక్సా ఫ్రేమ్ ఊగుతానే ఉంటది, కూలెంట్ కారుద్ది, పొట్టు రాలుద్ది, ఏదో ఒకరోజు వైరు తోలు అరిగి బాడీకి తగులుద్ది. ఎ2కీ స్విచ్‌కీ మధ్య వైరు తగిలిందనుకోండి, ఎ1లో ఫేజు ఉండనే ఉంది, ఎర్తింగ్ గుండా రిటర్న్ దొరికేసింది, స్విచ్ తెరుచుకున్నా కాయిల్ పడదు. రెడ్ బటన్ కూడా అటే ఉంటే అదీ పనిచెయ్యదు. అదే స్విచ్ ఫేజు వైపు ఉంటే, వైరు బాడీకి తగిలితే ఫ్యూజు పోయి మిషన్ ఆగుద్ది. స్టార్టర్ డబ్బాల్లో ఓవర్‌లోడ్‌ని ఎ2 వైపే ఇస్తారు కదా అని ఒకాయన వాదించాడు, ఇస్తారు, అది డబ్బా లోపల జానెడు వైరు, కదలదు, అరగదు. ఫ్రేమ్ మీద వేలాడే మూడు మీటర్ల వైరుతో దానికి పోలికేంటి.

415 వోల్ట్స్ కాయిల్ ఉన్న స్టార్టర్ల దగ్గర ఇంకా తిరకాసు ఉంది, షెడ్లలో ఎక్కువ ఉండేవి ఇవే, న్యూట్రల్ లాగే పని ఉండదు కాబట్టి. కాయిల్‌కి రెండు వైపులా ఫేజే. స్విచ్ తర్వాత వైరు బాడీకి తగిలితే అటువైపు ఫ్యూజు పోద్ది, బాగానే ఉంది, కానీ రెండో ఫేజు నుంచి ఎర్త్‌కి ఇంకా 240 వోల్ట్స్ కాయిల్ మీద ఉంటాయి. కాంటాక్టర్ ఎత్తుకోవడానికి, అంటే కొత్తగా కలవడానికి, అది చాలదు, కానీ ఆల్రెడీ ఎత్తుకుని ఉన్న కాంటాక్టర్ పడిపోవాలని లేదు, రేటింగ్‌లో 75 శాతం నుంచి 20 శాతం మధ్య ఎక్కడైనా పడొచ్చని కాంటాక్టర్ల స్టాండర్డే చెప్తది, 240 అంటే 58 శాతం. కాబట్టి బయటికి స్విచ్ వైరు లాగే పని ఉంటే కాయిల్ లైన్‌కి వోల్టేజి తగ్గించే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, 110 వోల్ట్స్ గానీ 24 గానీ, కాయిల్ కూడా దానికి తగ్గది మార్చాలి. సెకండరీ, అంటే తగ్గిన వోల్టేజి వచ్చే వైపు, ఒక చివర ఎర్త్ చేసి ఎ2 దానికే ఇవ్వాలి, రెండో చివర ఫ్యూజు, స్విచ్‌లన్నీ ఆ వైపే. ఖర్చు ఉంటది, వాదించను, ఒక మంచి బ్లేడ్ల సెట్టు ఖర్చుతో పోల్చి చూసుకోండి.

హోల్డింగ్ ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ దానంతటది లేవదు, ఎవరో వచ్చి గ్రీన్ నొక్కాలి. దీన్ని విసుగనుకుని హోల్డింగ్ తీసేసి మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టేవాళ్లున్నారు. ఇది పొలం మోటార్ల అలవాటు, కరెంటు ఎప్పుడొస్తదో తెలీక ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు కదా, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు నీళ్లు వృథా అవుతాయని వాటిని తీసేయమని ప్రభుత్వమే చెప్పాల్సొచ్చింది. బోరు దగ్గర పోయేది నీళ్లు, షెడ్డులో కరెంటు లేదు కదా అని బ్లేడు దగ్గర చెయ్యి పెట్టినోడి సంగతి వేరు. ఓవర్‌లోడ్ రిలే మీద రీసెట్‌కి ఆటో, మాన్యువల్ అని చిన్న నాబ్ ఉంటది, అదీ మాన్యువల్‌లోనే ఉంచండి.

స్విచ్ కొనేటప్పుడు ఎన్‌సీ పక్కన సున్నాలో బాణం గుర్తు ఉందేమో చూడండి. ఆ రకంలో పాయింట్లు అతుక్కున్నా లీవరే బలవంతంగా విడదీస్తది, చవక మైక్రో స్విచ్‌లో స్ప్రింగ్ ఒక్కటే దిక్కు. వైరు లోపలికి పోయే గ్లాండ్ కిందకి చూసేలా బిగించండి, కూలెంట్ లోపలికి పోకుండా. ఫ్రేమ్ బరువు ఆపడానికి వేరే స్టాపర్ ఉండాలి, స్విచ్ మీద ఆనకూడదు. ఎమర్జెన్సీ స్టాప్ కోసం ఎర్ర పుట్టగొడుగు బటన్ వేరేగా ఉండాల్సిందే, లిమిట్ స్విచ్ దానికి బదులు కాదు, ఎమర్జెన్సీలో పవర్ కట్ చేసే ఏర్పాటు ప్రతి పనిగదిలో ఉండాలని పాత 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్లోనే రాశారు. ఇక బ్లేడు మార్చేటప్పుడు ఫ్రేమ్ కిందుంది, స్టార్ట్ అవదులే అనుకోవద్దు, ఫ్రేమ్ ఎత్తగానే స్విచ్ మూసుకుంటది, తర్వాత ఎవడో ఒకడు గ్రీన్ నొక్కితే చాలు. మెయిన్ దించి ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి, నియాన్ టెస్టర్ని నమ్మకుండా మీటర్‌తో చూడండి.

కలిపాక రాడ్ లేకుండా తిప్పి, చేత్తో కాకుండా పొడుగు చెక్కముక్కతో స్విచ్ నొక్కండి, ఆగాలి, వదిలితే మళ్లీ లేవకూడదు. మిషన్ తిరుగుతుండగా మెయిన్ దించి ఎక్కించండి, అప్పుడూ లేవకూడదు. తర్వాత మెయిన్ దించి, మీటర్‌తో చూసుకుని, స్విచ్ వైరు ఒకటి ఊడదీసి ఇన్సులేషన్ చుట్టి, మెయిన్ ఎక్కించి గ్రీన్ నొక్కండి. తిరిగిందా, వైరింగ్ మొత్తం విప్పి మొదటి నుంచి మొదలుపెట్టండి.