నాలుగో సైకిల్
గోడకు ఇప్పటికే మూడు పాత రేసింగ్ సైకిళ్లు వేలాడుతుండగా, నాలుగోదిగా దేన్ని తేవాలన్న ప్రశ్న నెల రోజులుగా నన్ను వదల్లేదు. లేత నీలాకుపచ్చ బియాంకీ మనసు లాగిన మాట నిజమే గాని, ఇటలీవి నా దగ్గర రెండున్నాయి. చివరికి రెనాల్డ్స్ 531 ఉక్కు గొట్టాలతో చేసిన ప్యూజో పీఎక్స్-10 వైపే మొగ్గాను. పాత ఫ్రెంచ్ కొలతలతో తంటా తప్పదు: హ్యాండిల్‌ను ఫ్రేమ్‌లోకి దింపి పట్టి ఉంచే కడ్డీ, అంటే స్టెమ్, అందరిలా 22.2 కాక 22 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రెండు పెడళ్ల కాడలను కలిపే ఇరుసును ఫ్రేమ్‌లో పట్టి ఉంచే కప్పులు రెండింటికీ మరలు ఒకే వైపు తిరుగుతాయి గనుక, కుడివైపుది తొక్కేకొద్దీ వదులవుతుంది. ఇదంతా తెలిసీ, గొట్టాల అతుకు దగ్గర రంగు పెచ్చులూడిన చోట వాటిని అతికిన ఇత్తడి సన్నని గీతలా కనిపించగానే బేరమాడడమే మరిచిపోయాను. కొత్త రంగు మాత్రం వేయించను.